పొరపాటు కౌగిలి

మా కెల్డర్ లోయలో శరత్కాలం ఆకు రాలడంతో కాదు, మందలు కొండ దిగడంతో మొదలవుతుంది. ఆ సంవత్సరం మందలకంటే ముందు లండన్ నుంచి రాణిగారి ఉత్తరువు దిగింది. నాలుగు తరాలుగా మా వంశంలో ఉన్న సరిహద్దు పాలన ఇకపై మాకు ఉండదనీ, కెంట్ సీమ నుంచి సర్ జెఫ్రీ ఆల్విన్ అనే పెద్దమనిషి వచ్చి ఆ బాధ్యత స్వీకరిస్తాడనీ దాని సారాంశం. ఎందుకన్నది అందులో లేదు. ఇన్నేళ్ళు పొలిమేర కాచినందుకు ఒక మంచి మాటా లేదు.

నా తమ్ముడు రోలాండ్ ఆ ఉత్తరువును చదివి, మడిచి, కిటికీ గూటిలో పెట్టాడు.

"అక్కా, పైన మంచు పడకముందే మందల్ని దింపించాలి," అన్నాడు. అంతే అన్నాడు.

లోయకంతటికీ అతడు దొర. నాకు మాత్రం పురిట్లోనే తల్లిని పోగొట్టుకొని నా ఒళ్ళో పెరిగిన పసివాడు. నాకు భర్త లేడు, అతనికి భార్య లేదు. ఆ రాతి మేడలో సాయంకాలాలు మాట్లాడుకోవడానికి మిగిలినవాళ్ళం మేమిద్దరమే. అతడు వేటకు వెళ్ళి ఆలస్యమైన రోజున నేను దేవునికి చెప్పుకోవడానికైనా మాటలు దొరకక, గుర్రపు డెక్కల చప్పుడు వినబడేదాకా జపమాల వేళ్ళకు చుట్టుకొని ఊరకే కూర్చునేదాన్ని. అతడు క్షేమంగా ఉండాలి. నా ప్రార్థన అంతా ఆ ఒక్క మాటలో ఇమిడేది.

సెప్టెంబరు చివర పునీత మైకేల్ పండుగ వెళ్ళిన కొద్ది రోజులకు సంధి దినం వచ్చింది. మా వాగుకు ఇటు ఇంగ్లండు, అటు స్కాట్లండు. ఏడాది పొడుగునా ఒకరి పశువుల్ని ఒకరు తోలుకుపోయి, ఒకరి కొట్టాలకు ఒకరు నిప్పు పెట్టే రెండు పక్షాలూ ఆ రోజున వాగు ఒడ్డున కలిసి తగవులు తీర్చుకుంటాయి. అందుకొక పద్ధతి ఉంది. మా రౌతులు వాగు దాటి, మర్నాటి సూర్యోదయం వరకు కత్తి దూయబోమన్న మాట అడుగుతారు. అటువైపు పాలకుడు చెయ్యెత్తుతాడు. ఇటువైపు పాలకుడూ చెయ్యెత్తుతాడు. ఆపైన ఇద్దరూ గుర్రాలు దిగి, అందరూ చూస్తుండగా ఒకరినొకరు కౌగిలించుకుంటారు. ఆ కౌగిలి పడితేగాని ఒక్క తగవూ విప్పరు, ఒక్క సారా పీపాకూ బిరడా తీయరు.

నేను తక్కిన ఆడవాళ్ళతో గట్టుమీద ఉన్నాను. సర్ జెఫ్రీ నీలం మఖమలు దుస్తులలో ముందున్నాడు. రోలాండ్‌ను వెనుక వరుసలో నిలబడమన్నారు, నిలబడ్డాడు. మా రైతులలో పెద్దవాడైన కుంటి హాబ్ నా గుర్రపు కళ్ళెం పట్టుకొని గొణగసాగాడు.

"దొరసానమ్మా, ఆయన గుర్రం ఎక్కాడంటారా, గుర్రమే జాలిపడి ఎక్కించుకుందంటారా?"

"నోరు ముయ్యి, హాబ్."

"నోరు మూశాను. కళ్ళేం చెయ్యను? అవి చెబితే వినట్లేదు."

అటువైపు పాలకుడు ముసలి ఆర్చిబాల్డ్ డ్రమెల్. రోలాండ్ మీసాలు మొలిచిన నాటినుంచి ఆ ఒడ్డున అతణ్ణి కౌగిలించుకుంటూ వచ్చినవాడు; మధ్యమధ్య అతని పశువుల్ని తోలుకుపోయినవాడు కూడా. ఆయన కళ్ళకు పొరలు కమ్మాయి. మా వైపు పాలకుడు మారాడని ఆయన చెవికి చెప్పే ఉంటారు. కాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు. చేతులు చాచి నిలుచున్న సర్ జెఫ్రీని దాటుకొని ఆ కాళ్ళు తిన్నగా వెనుక వరుసకు నడిచాయి. ముసలాయన నా తమ్ముణ్ణి గుండెకు హత్తుకున్నాడు.

"ఏరా రోలాండ్, చిక్కిపోయావేం? మీ అక్క కూడు పెట్టడం మానేసిందా?"

"వదలండి పెద్దాయనా. నేను కాదు. ఈసారి ఆయన."

"ఏ ఆయన?"

"మీ వెనకాల. నీలం బట్టల్లో."

ముసలాయన కళ్ళు చికిలించి చూశాడు. "అదా! ఎవరో జెండా పాతారనుకున్నానురా."

వాగుకు ఇటూ అటూ జనం ఘొల్లుమన్నారు. తాతల నాటినుంచి ఒకరినొకరు చంపుకుంటున్నవాళ్ళు ఒక్క గొంతుతో నవ్వడం నేను మరెన్నడూ వినలేదు. హాబ్ గుర్రం మెడ పట్టుకొని మరీ నవ్వాడు. సర్ జెఫ్రీ చాచిన చేతులు కాసేపు గాలిలోనే ఉండి, తరవాత మెల్లగా కిందికి దిగాయి. ఆ చేతులు చూశాక నాకు నవ్వు రాలేదు.

అక్టోబరు మధ్యలో ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. కూర్చోబోతూ నాకు వంగి నమస్కరించాడు, గొర్రెమాంసం బాగుందన్నాడు, మా గాలికి తన చెవులు మొద్దుబారుతున్నాయని తనమీద తానే నవ్వుకున్నాడు. రెండో వడ్డన అయ్యాక కత్తి పక్కన పెట్టి అడిగాడు.

"ఆ రోజు ముసలాయన మీ చెవిలో ఏమన్నాడు ప్రభూ?"

"చిక్కిపోయానన్నాడు."

"అంతేనా?"

"మా అక్క కూడు పెట్టట్లేదేమోనన్నాడు. ఇదిగో, అక్క ఎదురుగానే ఉంది, అడగండి."

"పరదేశపు అధికారి మిమ్మల్ని పేరుపెట్టి పిలిచాడు. కావలించుకున్నాడు. తిండి సంగతి అడిగాడు. ఇంతకుమించి ఏమీ లేదంటే లండన్‌లో నమ్మరండి."

"నమ్మకపోతే ఒకసారి వచ్చి చూడమనండి. మేం ఒకళ్ళ గొంతు ఒకళ్ళం కోసుకున్నా పేర్లు పెట్టే పిలుచుకుంటాం."

సర్ జెఫ్రీ జాలిగా చూశాడు. అది నటన కాదు. "లండన్ ఎక్కడికీ రాదు ప్రభూ. అందరూ దాని దగ్గరికి వెళ్ళాల్సిందే."

ఆయన వెళ్ళిన తరవాత రోలాండ్ చాలాసేపు మంట ముందు కూర్చున్నాడు. నేను నూలు వడుకుతున్నాను.

"రాణిగారి మీద నాకు కోపం లేదక్కా," అన్నాడు ఉన్నట్టుండి. "కోపం రావాలంటే ఆవిడ నన్నేదో అని ఉండాలిగా. ఆవిడకి నేనెవరో తెలీదు. నాన్న పొలిమేర కాస్తూ ఈ వాగులో పడి చచ్చిపోయాడని తెలీదు. ఉత్తరం రాస్తే గుమాస్తా జవాబిస్తాడు. వాడికీ తెలీదు. తిట్టించుకున్నా బాగుండేది."

నాకూ చెప్పుకోవలసిన గాయం ఒకటి ఉండేది. మా ఇంటి ప్రార్థనాలయంలోని బలిపీఠపు రాతిని అంతకు కొన్నేళ్ళ ముందే, పాత మతపు పూజలు నిషేధించినప్పుడు, అధికారులు పెకలించి, వాగుమీద నడిచేందుకు పలకగా వేయించారు. మా అమ్మ ఆత్మశాంతికి ఆ రాతిమీదే పూజ జరిగేది. అందరూ దానిమీద నడిచి దాటేవారు. నేను చలికాలమైనా సరే చీలమండల లోతున నీళ్ళలో దిగి దాటేదాన్ని. చూసినవారు ముసలిదానికి చాదస్తమనుకొని ఉంటారు.

ఆ నెలంతా పొరుగు దొరలు ఒక్కొక్కరే వచ్చి మా చలిమంట దగ్గర కూర్చున్నారు. ఒకరికి తాతల నాటి అడవిమీద పెత్తనం పోయింది. ఒకరి కోట గదులు దక్షిణాది సైనికుల బసకు పోయాయి. ఇంకొకరు రాణిగారి దర్శనానికి వెళ్ళి, నడవాలో నిలబడి నిలబడి, పేరు అడిగిన నాథుడు లేక తిరిగి వచ్చారు. ఉన్ని వర్తకుల కొడుకులు మంత్రాలోచన చేస్తారట, మేము వానలో తడుస్తూ సరిహద్దు కాయాలట అని ఒకరంటే, పాత ప్రార్థనలు నేరమయ్యాయి, కొత్త ప్రార్థనలు నోరు తిరగడం లేదని ఇంకొకరన్నారు. విడివిడిగా చూస్తే ఏదీ ప్రాణాలమీదికి వచ్చే సంగతి కాదు. ఒకేచోట కూర్చుని చెప్పుకొనేసరికి వాటికి బలం వచ్చింది. రోలాండ్ వినేవాడు, వారి పాత్రలు నింపేవాడు, తాను మాత్రం మాట్లాడేవాడు కాదు. వారందరికంటె నన్ను అతని మౌనమే భయపెట్టింది.

నవంబరులో రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. మొదటిది లండన్ పిలుపు: పరదేశపు అధికారితో రహస్య స్నేహం నెరపినట్టు ఫిర్యాదు అందినందున రోలాండ్ వెంటనే వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి. అలా పిలవబడి వెళ్ళిన ఒక దొర అప్పటికే బందీఖానాలో ఉన్నాడని మాకు తెలుసు. రెండోది గంటల మోత. తూర్పు లోయలో పెద్ద ప్రభువులు ఇద్దరు రాణిగారికి ఎదురు తిరిగి, పాత మతపు జెండా ఎత్తి దక్షిణానికి కదిలారు. చర్చి గంటలను వరుస తిప్పి, వెనుకనుంచి ముందుకు మోగిస్తున్నారు. ఆయుధాలు పట్టమనే ఆ మోతకు అర్థం మావాళ్ళకు చెప్పనక్కరలేదు. మధ్యాహ్నానికల్లా లోయలోని మగవాళ్ళంతా ఈటెలతో మా వాకిట్లో చేరారు. ఎవరూ కేకలు పెట్టలేదు. వాన పడుతుంటే తడుస్తూ నిలబడ్డారు.

రోలాండ్ వంటింట్లోకి వచ్చాడు. నేను అతని చేతితొడుగులు పొయ్యి దగ్గర ఆరబెడుతున్నాను.

"లండన్ వెళ్తే తిరిగి రాను. వీళ్ళతో వెళ్తే తిరిగొచ్చినా ఇల్లుండదు," అన్నాడు. "ఇంట్లోనే కూర్చుంటే వీళ్ళు నేను లేకుండానే వెళ్తారు. హాబ్‌ని అడిగాను. 'నువ్వు రాకపోయినా ఫరవాలేదు దొరా, నీ పేరు చెప్పుకుని పోతాం' అన్నాడు, వెధవ."

"కుంటికాలేసుకుని వాడెక్కడికి?"

"అదే అన్నా. 'పోయేటప్పుడు గుర్రం మోస్తుంది, వచ్చేటప్పుడు భయం పరిగెత్తిస్తుంది' అన్నాడు."

ఇద్దరం నవ్వాము. అతడు బల్లమీది రొట్టె తుంచి నోట్లో వేసుకున్నాడు.

"నువ్వు చెప్పక్కా. నువ్వు వద్దంటే మానేస్తా. ఇప్పుడే మానేస్తా."

వద్దని నా నాలుక చివర దాకా వచ్చింది. బయట వానలో ఎవరో దగ్గారు. అతడు ఆ దగ్గు ఎవరిదో పోల్చుకున్నాడని అతని తల తిరిగిన తీరులో నాకు తెలిసింది.

"తొడుగులు ఇంకా ఆరలేదు," అన్నాను.

"ఫరవాలేదులే," అని వాటిని నా చేతిలోంచి తీసుకున్నాడు.

ఆ దండు యుద్ధమన్నది చూడకుండానే విరిగిపోయింది. వెళ్ళినప్పుడు వాన, తిరిగివచ్చేటప్పుడు మంచు; రాణిగారి సేనలు ఇంకా దూరాన ఉండగానే ప్రభువులు గుర్రాలు తిప్పారు. మావాళ్ళు ఒకరిద్దరుగా, కొండదారుల వెంట, ఈటెలు ఎక్కడో పారేసి ఇల్లు చేరారు. హాబ్ రాలేదు. రోలాండ్ రాలేదు. క్రిస్మస్ నాడు నేను ఇద్దరికి వడ్డించి ఒక్కదాన్నే తిన్నాను. పనివారు కూడా వెళ్ళిపోయారు. ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే, పొయ్యిలో నిప్పుకణిక విరిగి పడితే ఎవరో వచ్చారని లేచేదాన్ని.

జనవరిలో ఒక తెల్లవారుజామున వంటింటి తలుపు చప్పుడైంది. హాబ్ అతణ్ణి తీసుకువచ్చాడు. గొర్రెతోలు చొక్కా, మోకాళ్ళ దాకా చుట్టిన గోనె పీలికలు, మాసిన గడ్డం. నేను నా తమ్ముణ్ణి కళ్ళతో పోల్చలేదు, నిలబడ్డ తీరుతో పోల్చాను.

"కాస్త గంజి తాగించండి దొరసానమ్మా," అన్నాడు హాబ్. "ఎండ రాకముందు వాగు దాటిస్తా. ఆ గుడ్డి ముసలాయన దాస్తానని కబురంపాడు."

రోలాండ్ నా చేతులు పట్టుకున్నాడు. గంజి సగం తాగాడో లేదో, వాకిట్లో గుర్రాల చప్పుడు, దక్షిణాది యాస. వెనుక తలుపు దగ్గరా మనుషులున్నారు. సైనికులు ఇళ్ళలోని మగవాళ్ళనందరినీ బయటికి లాగి మా వాకిట్లో వరుసగా నిలబెడుతున్నారు. హాబ్ రోలాండ్ తలమీది టోపీని కళ్ళమీదికి గుంజి, అతణ్ణి ఆ గుంపులో కలిపేశాడు.

కెప్టెన్ కుర్రవాడు, జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది. సఫోక్ నుంచి వచ్చాడట. మాలో ఎవరి ముఖమూ ఎరగడు.

"క్షమించాలి అమ్మగారూ. సర్ జెఫ్రీ మధ్యాహ్నానికి వస్తారు. ఈలోపు నా పని నేను చేసిపెట్టాలి. ఈ ఊరినుంచి కొందర్ని ఉరి తియ్యమని ఆజ్ఞ. మీ తమ్ముడి వెంట వెళ్ళినవాళ్ళెవరో మీరే చూపిస్తే, వెళ్ళనివాళ్ళు బతుకుతారు."

సర్ జెఫ్రీ వస్తే, మా బల్ల దగ్గర కూర్చుని తిన్న మనిషి, ఒక్క చూపులో రోలాండ్‌ను పోల్చుతాడు. నాకు అదొక్కటే వినిపించింది.

"ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు," అన్నాను.

కెప్టెన్ తుమ్మి, వరుసను ఆ చివరినుంచి ఈ చివరికి చూశాడు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. అప్పుడు నేనూ చూశాను. మా లోయలో దొర నిలుచున్న వరుసలో ఎవరూ నిలబడరు. ఒక అడుగు వెనక్కి నిలబడతారు. బుద్ధెరిగిన నాటినుంచి వచ్చిన అలవాటు, ఎవరూ ఆలోచించి చేసేది కాదు. సైనికులు తోసి నిలబెట్టిన ఆ చలిలో, ఆ భయంలో, అటు పదిమంది ఇటు పదిమంది ఒక్కొక్క అడుగు వెనక్కి జరిగి ఉన్నారు. గొర్రెతోలు చొక్కా మనిషి ఒక్కడే ముందుకు మిగిలాడు.

"ఈ వరస ఏమిటి ఇలా ఉంది?" అన్నాడు కెప్టెన్.

హాబ్ కుంటుకుంటూ ముందుకు వచ్చాడు. రెండు చేతులూ నా తమ్ముడి రొమ్ముమీద వేసి తోశాడు.

"ఏరా గొర్రెలోడా! ఎవడి వాకిట్లో ఎవడు ముందు నిలబడేది? తేరగా గంజి దొరికిందని కళ్ళు నెత్తికెక్కాయా? ఇది నీ అత్తారిల్లనుకున్నావా? చావు, వెనక్కి!"

రోలాండ్ గడ్డకట్టిన రాళ్ళమీద దభాలున పడ్డాడు. ఎవరి చెయ్యీ సాయం వెళ్ళలేదు. ఎవరో నవ్వడానికి ప్రయత్నించారు కూడా.

"ఎవడమ్మా వీడు?"

"ఎవడో కొండ అవతలి కాపరి," అన్నాను. "నేనెరగను. తిండికోసం వచ్చి ఉంటాడు."

"మరి ఈ కుంటివాడు?"

"హాబ్. వాడు ఇల్లు కదల్లేదు. ఆ కాలుతో ఎక్కడికి వెళ్తాడు?"

"గుర్రం మీద కుంటితనం తెలీదు అమ్మగారూ. నా ముందే ఇంత దూకుడుగా ఉన్నవాడు గంటలు మోగితే మంచమెక్కి పడుకున్నాడా?" కెప్టెన్ చెయ్యి ఊపాడు. "వీణ్ణి కట్టండి."

కిందనుంచి రోలాండ్ లేస్తున్నాడు. అతడు నోరు తెరవబోవడం నాకు తెలిసింది. అతడు పలికే తీరు విన్నవాడెవడూ అతణ్ణి కాపరి అనుకోడు. హాబ్ నావైపు చూశాడు. ఆ చూపులో వేడుకోలు లేదు, తొందర ఉంది.

"నీకే చెప్పేది, గొర్రెలోడా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఇక్కడ నీకు కూడు లేదు. పో. మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు. పో!"

కెప్టెన్ కాలరు దగ్గర ఎముక బొత్తాం ఒకటి ఉంది. దానిమీదనుంచి చూపు తిప్పితే ఇక తిప్పుకోలేనని తెలిసి, దాన్నే చూస్తూ నిలబడ్డాను. మంచుమీద అడుగుల చప్పుడు వినబడింది, కొంతసేపటికి వినబడలేదు.

సర్ జెఫ్రీ వచ్చేసరికి హాబ్‌తో పాటు మరి నలుగురిని ఎంచుకోవడం అయిపోయింది. మిల్లు దగ్గరి పచ్చికలో పని ముగించారు. అంతకు ముందే హాబ్ కొరకు నేను సర్ జెఫ్రీ ముందు మోకరించాను. ఆయన నన్ను చెయ్యి పట్టి లేవనెత్తి, తన చేతిలో ఏమీ లేదన్నాడు. అది నిజమే అయి ఉండవచ్చు. వసంతానికి ఇల్లు ఆయన వశమైంది. నన్ను కోళ్ళ దొడ్డి వెనుక గదిలో ఉండనిచ్చారు. రోలాండ్ ముసలాయన ఇంట కొన్నాళ్ళు ఉన్నాడని, అక్కడినుంచి ఓడెక్కి ఫ్లాండర్స్ చేరాడని, చేరలేదని, రకరకాలుగా విన్నాను. అతనినుంచి ఒక్క కబురూ లేదు. బతికినవారికొక ప్రార్థన, పోయినవారికొక ప్రార్థన ఉంటాయి. ఏది చెప్పాలో తెలియక నేను రెండూ చెబుతూ వచ్చాను.

హాబ్‌ను ఉరికొయ్యనుంచి దించిన మర్నాడు అతని భార్య సిస్లీ మా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మన్నాను, రాలేదు. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు కొంత తెరిపిగా ఉండేది. ఆమె శాలువా అంచు వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడింది.

"తీసుకెళ్ళేటప్పుడు మావాడితో మాట్లాడనిచ్చారమ్మా, రెండు మాటలు," అంది. "మిమ్మల్ని ఒకటి అడగమన్నాడు."

"అడుగు సిస్లీ."

"దొర రాళ్ళమీద పడ్డారు కదా. దెబ్బేమన్నా తగిలిందేమో కనుక్కోమన్నాడు. మరీ గట్టిగా తోశానేమోనని ఒకటే ఇదైపోయాడు."

"తగల్లేదు," అన్నాను.

"అయితే సరేనమ్మా," అని ఆమె మంచులో వెళ్ళిపోయింది.

దెబ్బ తగిలిందో లేదో నేను చూడలేదు.